పాప మెడలో కార్డులు

బడిలో చేర్చుకోవడానికి వాళ్ళు పెట్టిన షరతు చాలా చిన్నది. దాహమేస్తే నీళ్ళడగాలి, అవసరమైతే బాత్‌రూమ్ అడగాలి. అంతే. అక్షరాలు రాకపోయినా పరవాలేదు, అంకెలు రాకపోయినా పరవాలేదు, అవన్నీ మేం నేర్పుకుంటాం అన్నారు హెడ్ మేడమ్. నర్సీపట్నంలో నేను తిరిగిన మిగతా బళ్ళవాళ్ళు పాప మొహం చూసి, నా మొహం చూసి, సీట్లు అయిపోయాయని చెప్పి పంపేశారు. ఈవిడ ఒక్కరే షరతు పెట్టారు. షరతు పెట్టారంటే తలుపు పూర్తిగా మూయలేదనే కదా. జూన్‌లో బళ్ళు తెరిచేలోగా తీసుకొచ్చి చూపించమన్నారు.

మా పాపకి ఐదేళ్ళు నిండాయి. ఒక్క మాట కూడా రాలేదు. చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. పక్కింట్లో చాక్లెట్ కాగితం విప్పితే మా ఇంట్లో లేచి కూర్చుంటుంది. నవ్వుతుంది, ఏడుస్తుంది, కోపమొస్తే నేల మీద పడి తల బాదుకుంటుంది. మాట మాత్రం లేదు. అమ్మ అన్న మాట కూడా లేదు. ఆ ఒక్క మాట కోసం నేను ఎక్కని గడప లేదు, చేయని ప్రార్థన లేదు.

నేను చదివిన డిగ్రీ అంతా ఒక ఎత్తు, జపాన్ వాళ్ళ వీడియో ఆటలు నేర్పింది ఒక ఎత్తు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. కాలేజీ రోజుల్లో మా పెదనాన్నగారి అబ్బాయి చేతిలో పట్టుకుని ఆడే తన పాత వీడియో గేమ్ ఒకటి మా ఇంట్లో వదిలేసి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అందులో రోల్ ప్లేయింగ్ గేమ్‌లు ఉండేవి. కాల్పుల ఆటల్లాగా వేళ్ళ చురుకుతో పనిలేదు. ఒక కథ ఉంటుంది, కలిసి తిరిగే ఒక గుంపు ఉంటుంది, ఊరూరా రాక్షసులు ఎదురవుతారు. మన వంతు వచ్చేదాకా ఆగి, ఎవరితో ఏ పని చేయించాలో తీరిగ్గా ఎంచుకోవాలి. ఓపిక లేనివాళ్ళు ఆడలేరు. నాకు మనుషుల దగ్గర ఓపిక తక్కువ, ఆటలో మాత్రం ఎంతైనా ఉండేది.

ఆ ఆటల్లో విద్య ఒక్కో చోట ఒక్కో రకంగా వస్తుంది. కొన్నిట్లో వాడితేనే పెరుగుతుంది. కత్తి పట్టినవాడికి కత్తి విద్య పెరుగుతుంది, గాయాలు మాన్పే మంత్రం వేసేదానికి ఆ మంత్రం పెరుగుతుంది, వాడని విద్య ఎన్నాళ్ళైనా ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇంకొన్నిట్లో విద్య మనిషిలో ఉండదు, వస్తువులో ఉంటుంది. ఒక ఉంగరం తొడిగితే అందులో ఉన్న మంత్రం వేయగలుగుతారు. తొడుక్కుని పోరాడుతూ ఉంటే దాని పక్కన ఒక చిన్న గీత కొద్దికొద్దిగా నిండుతూ వస్తుంది. పూర్తిగా నిండిందా, ఇక ఉంగరం తీసేసినా మంత్రం వాళ్ళదే. నిండకముందే తీశామా, మంత్రం ఉంగరంతోపాటే పోతుంది. మెరిసే ఉంగరం కొత్తది దొరికిందని తొందరపడి పాతది తీసేసి నాలుక కరుచుకున్న సందర్భాలు నాకు బోలెడు.

ఆ గీత అంటే నాకు ప్రాణం. ఎంత నిండిందో, ఇంకా ఎంత ఉందో కళ్ళెదుట కనబడేది. మా పాప నెత్తి మీద కూడా అలాంటి గీత ఒకటి కనబడితే, అది గింజంత నిండినట్టు తెలిస్తే చాలు, పదేళ్ళైనా దాని ముందు కూర్చుంటాను. కనబడదు. లోపల ఏదైనా నిండుతోందో, అసలు ఖాళీగానే ఉందో తెలియదు. నన్ను చంపేది అదే.

అందరూ వాళ్ళకు తోచింది చేశారు. మా అత్తయ్యది రావికమతం దగ్గర పల్లె. అక్కడి నుంచి వస కొమ్ము తెప్పించి, సానరాయి మీద తేనెతో అరగదీసి పాప నాలుక మీద రాసింది. "మీ ఆయనకి సిన్నప్పుడు ఇలాగే రాసేనమ్మా. వసపిట్టనాగ వాగీవోడు" అంది. ఆ వసపిట్ట ఇప్పుడు తన సెల్‌ఫోన్ షాపులో కస్టమర్లతో తప్ప ఇంట్లో నోరు విప్పడు, అది వేరే సంగతి. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళంతా ఇంటికి వచ్చి చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారు. పాప వాళ్ళ మధ్య నుంచి పాక్కుంటూ వెళ్ళి ఎవరిదో హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగుతూ ఆడుకుంది.

చివరికి విశాఖలో ఒక స్పీచ్ థెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాం. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు. ఆ అమ్మాయి చాలాసేపు పాపతో ఆడి, "ముందు మాట ముఖ్యం కాదండి. అడగొచ్చు, అడిగితే దొరుకుతుంది అన్న సంగతి దానికి తెలియాలి" అంది. కార్డులు చేయమంది. ఒక కార్డు మీద మా ఇంటి స్టీలు గ్లాసు ఫొటో. ఒకదాని మీద మా బాత్‌రూమ్ తలుపు. ఇంకా అరటిపండు, ఉయ్యాల, నా ఫొటో. పాపకి నీళ్ళు కావాలంటే గ్లాసు కార్డు తీసి మన చేతిలో పెట్టాలి. పెట్టిన మరుక్షణం మనం నీళ్ళు అని చెప్పి, నీళ్ళివ్వాలి.

తిరుగు బస్సులో వస్తూ, ఇది ఉంగరమే కదా అనుకున్నాను. విద్య దానిలో లేకపోతేనేం, కార్డులో ఉంటుంది. కార్డు తొడిగితే అడగగలదు. అడుగుతూ అడుగుతూ ఉంటే ఏదో ఒకనాటికి గీత నిండుతుంది, అప్పుడు కార్డు తీసేసినా అడగడం దానిదే అవుతుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నాకు అర్థమయ్యే భాషలో నా కూతురి గురించి ఎవరో మాట్లాడినట్టు అనిపించింది.

మా ఆయన షాపులోనే ఫొటోలు తీసి ప్లాస్టిక్ పూత వేయించి తెచ్చాడు. రిబ్బన్‌కి గుచ్చి మెడలో వేస్తే పాప రిబ్బన్ నమిలేసింది. ఇంకో రిబ్బనూ నమిలేసింది. నూలు దారమైతే నోట్లో పెట్టుకోవడం లేదని గమనించి, ఇంట్లో గట్టిది ఏముందా అని వెతికి, నల్లదారానికి గుచ్చి వేశాను. కార్డులు గలగలమంటే దానికి చిరాకు. అందుకని గౌను లోపలికి దోపుకునేది, కావాలన్నప్పుడు లాక్కుని పైకి తీసేది.

మొదటిసారి అది గ్లాసు కార్డు తీసి నా చేతిలో పెట్టినప్పుడు నేను కూర గరిటె కింద పడేశాను. నీళ్ళిచ్చాను, తాగింది. కాసేపటికి మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఇచ్చాను. దాహం లేకపోయినా పెట్టేది. పెడితే వస్తుందా రాదా అని చూసేది. కడుపు పగిలేలా తాగి, నాలుగైదు గౌన్లు తడిపింది. నేనైతే పండగ చేసుకున్నాను. తర్వాత అత్తయ్య చేతిలో పెట్టింది, పక్కింటావిడ చేతిలో పెట్టింది. బాత్‌రూమ్ కార్డు మాత్రం చాలా సతాయించింది. చివరికి ఎండలు ముదిరే వేళకి అదీ పట్టుబడింది.

"దీనికి అలవాటు పడిపోతే ఇంక మాట రాదేమో" అన్నాడు మా ఆయన.

నేను ఉంగరం సంగతి, గీత సంగతి ఓపిగ్గా చెప్పాను. అంతా విని, "ఇది ఆటేటి?" అన్నాడు.

"ఆట కాదు కాబట్టే భయమేస్తోంది. ఆటైతే సేవ్ చేసి పడుకునేదాన్ని" అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక, సండే స్కూల్ పిల్లలు వరసగా ముందుకొచ్చి కంఠతా పట్టిన బైబిలు వాక్యాలు చెప్పారు. మా పాప ఈడు పిల్లలు, ఇంకా చిన్నవాళ్ళు కూడా, గడగడా చెప్పేసి పరుగెత్తుకుంటూ అమ్మల ఒళ్ళోకి వెళ్ళారు. చూడలేక నేను చర్చి వెనక షెడ్డులో టీ పోసే పనికి పోయాను. పాప అత్తయ్య దగ్గర ఉంది. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు, మా ఆయనకి వరసకి పెద్దమ్మ. ఎవరింట్లో జ్వరమైనా, కాన్పైనా ముందుండే మనిషి. ఆవిడ పాపని దగ్గరకు తీసుకుని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే, వేలికి మెడలో నల్లదారం తగిలింది. గౌను లోపల ఏదో గట్టిగా తగిలింది.

తాయెత్తు అనుకున్నారు ఆవిడ. విశ్వాసుల ఇంట్లో పిల్లకి తాయెత్తు కట్టారని, అందుకే నోరు కట్టుబడిపోయిందని అనుకున్నారు. కళ్ళు తెరిచి చూడకుండా, ప్రార్థన ఆపకుండా, దారం తలమీదుగా లాగేసి పిడికిట్లో బిగించారు. పాప గుక్క తిప్పుకోకుండా అరిచింది. ఆ అరుపు విని చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా గొంతెత్తి ప్రార్థించారు. ఇద్దరు పాప చేతులు పట్టుకున్నారు. లోపలున్న దయ్యం వదిలి పోతోందని ఎవరో అన్నారట.

నేను టీ కెటిల్ అక్కడే వదిలేసి పరుగెత్తేసరికి పాప నేలకి తల బాదుకుంటోంది. పెద్దావిడ పిడికిలి విప్పించాను. అరచేతిలో స్టీలు గ్లాసు, బాత్‌రూమ్ తలుపు, అరటిపండు, నా మొహం.

"తాయెత్తు కాదండి. నీళ్ళడగడానికి బొమ్మలండి అవి" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

ఆవిడ మొహం పాలిపోయింది. "ముందే సెప్పాల గదమ్మా. నల్లదారం సూత్తే ఏటనుకుంటాం మేము" అన్నారు మెల్లిగా. ఆవిడ చెడ్డ మనిషి కాదు. సాయంత్రం పాపకోసం అరటిపళ్ళ గెల పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను లోపలికి రమ్మనలేదు.

ఆ రోజు నుంచి పాప కార్డులు ముట్టుకోలేదు. మెడ దగ్గరికి చెయ్యి పోతే చాలు, మెడ రెండు చేతులతో మూసుకుని కీచుమనేది. తెల్లదారంతో ప్రయత్నించాను, మణికట్టుకి కట్టాను, గోడకి అంటించాను. గోడవైపు చూడను కూడా చూడలేదు. ఆటలో ఉంగరం జారిపోతే మళ్ళీ తొడిగితే చాలు, గీత ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఇక్కడ గీత కూడా చెరిగిపోయింది. మళ్ళీ నా చెయ్యి పట్టి వంటింటికి లాగడం, ఏం కావాలో నాకు తెలియకపోవడం, అది తల బాదుకోవడం. మళ్ళీ తడిసిన గౌన్లు. బడి తెరిచే రోజు దగ్గరికొస్తోంది.

ఒక మధ్యాహ్నం అది తడిపిన నేల తుడుస్తూ తుడుస్తూ అక్కడే కూర్చుండిపోయాను. నాకిక చేతకాదని గట్టిగా అన్నాను, దేవుడితోనే అన్నాను. నీకు దయ ఉంటే దానికి మాటివ్వు, లేకపోతే నాకీ ఆశ తీసెయ్యి, రెండూ ఉంచి నన్ను ఇలా నలిపెయ్యకు అన్నాను. పాప వచ్చి తడిగుడ్డ మీద నిలబడి పాదాలతో చప్పుడు చేసుకుంటూ నవ్వింది. దాన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఎత్తుకుని ఏడ్చాను.

తర్వాత తర్వాత మెడలో కాకుండా చేతిలో ఇస్తే, గ్లాసు కార్డు ఒక్కటి ఎప్పుడైనా తీసుకునేది. రోజూ కాదు. ఆ కాస్త ఆశే పట్టుకుని, బడివాళ్ళు రమ్మన్న రోజున పాపకి తలస్నానం చేయించి, కొత్త గౌను వేసి తీసుకెళ్ళాను.

హెడ్ మేడమ్ గదిలో కార్డులు బల్ల మీద వరసగా పెట్టాను. ఆవిడ వాటివంక చూసి, "నోటితో అడగాలి కదమ్మా" అన్నారు.

"అడగాలన్నారు. నోటితో అనలేదండి" అన్నాను.

"క్లాసు నిండా పిల్లలు. ఉన్నది ఒక్క ఆయా. ఏ పిల్ల చేతిలో ఏ కార్డుందో ఎవరు చూస్తారు చెప్పండి?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నా కోపం. తప్పుంటే పోట్లాడేదాన్ని. నా మొహం చూసి జాలిపడ్డారేమో, "సరే, చూద్దాం" అని తన నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టారు. పాప సీసా చూసింది. కార్డులు చూసింది. తీయి తల్లీ, ఒక్కసారి తీయి, ఇన్నాళ్ళూ తీశావు కదా అని లోపల మొత్తుకుంటున్నాను. అది ఫ్యాన్ వైపు చూసింది.

హెడ్ మేడమ్ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చారు. "రా నాన్నా, క్లాసులో బొమ్మలు చూద్దువుగాని" అని చెయ్యి చాపారు. పాప ఒక అడుగు వెనక్కి వేసింది. రెండు చేతులతో మెడ మూసుకుంది.

"ఒద్దు" అంది.

స్పష్టంగా అంది. ద్దు దగ్గర పెదాలు ముందుకు సాచి మరీ అంది. గదిలో మేం ముగ్గురం ఉన్నాం, నేను అనలేదు, మేడమ్ అనలేదు.

ఆ ఆటల్లో ఇంకో రకం విద్య ఉంది. అది వాడితే రాదు, ఉంగరంతో రాదు, ఎవరూ నేర్పలేరు. శత్రువు ఆ మంత్రాన్ని మన మీద వేయాలి. ఆ దెబ్బ తిని మనిషి బతికి బట్టకట్టాలి. అప్పుడే అది మనదవుతుంది. ఆ రకం మంత్రాల కోసం కొందరు వెతుక్కుంటూ వెళ్ళి శత్రువు ముందు ఊరికే నిలబడి దెబ్బలు తింటారు. మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు పాపకి వినబడే మాట అదొక్కటే. పొయ్యి దగ్గరికి ఒద్దు. రోడ్డు మీదికి ఒద్దు. స్విచ్చు ఒద్దు, ఫోను ఒద్దు, చీపురు ఒద్దు. అత్తయ్య అంటుంది, మా ఆయన అంటాడు, అందరికన్నా ఎక్కువ నేనంటాను. ఐదేళ్ళుగా ఆ మాట దెబ్బలు తింటూ నిలబడింది పిల్ల. గ్లాసుకి కార్డు చేశాను, అరటిపండుకి చేశాను. ఒద్దు అనడానికి ఒక కార్డు చేయాలని నాకు తట్టనే లేదు. దానికి కావలసినవే ఆలోచించాను, దానికి అక్కర్లేనివి ఉంటాయని ఆలోచించలేదు.

"మాట వస్తోందిగా. మంచిదే. వచ్చే సంవత్సరం తీసుకురండి, చూద్దాం" అంటున్నారు హెడ్ మేడమ్. ఆ మాట నాకు ఆటోలో సగం దూరం వచ్చాక అర్థమైంది. అప్పటికి నేను మా ఆయనకి ఫోన్ చేసేశాను, ఆయన షాపు షట్టర్ దించేసి ఇంటికి వచ్చేస్తున్నాడు.

"ఏటన్నాది? మల్లీ సెప్పించు, బేగి సెప్పించు" అంది అత్తయ్య కొంగుతో కళ్ళొత్తుకుంటూ. చెప్పించే అవసరమే రాలేదు. ముద్దు పెట్టుకోబోతే ఒద్దు అంది. స్వీటు నోట్లో పెట్టబోతే ఒద్దు అంది. మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. పెద్దావిడ ఆదివారం సంఘంలో నిలబడి, దేవుడు పాపకి మాటిచ్చాడని సాక్ష్యం చెప్పారు. నేను కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టాను. బడి పోతే పోయింది, మాట వచ్చింది కదా అనుకున్నాను.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. కార్డు చేతికిస్తే ఒద్దు అని విసిరేసేది. సరేనని తీసేస్తే తల బాదుకునేది. అరటిపండు చూపిస్తే ఒద్దు అనేది, వెనక్కి పెడితే ఏడ్చేది. ఉయ్యాల దగ్గర నిలబడి దాని తాడు పట్టుకుని ఒద్దు, ఒద్దు అనేది. మొదట్లో మొండితనం అనుకున్నాం.

మొన్న మధ్యాహ్నం ఎండలో సంతనుంచి వచ్చాం. పాప తిన్నగా వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ బిందె ముందు నిలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మా ఆయన గ్లాసు ముంచి ఇవ్వబోయాడు. అది గ్లాసు వైపే చూస్తూ, "ఒద్దు" అంది. ఆయన నీళ్ళు బిందెలో వంపేసి గ్లాసు అరమీద బోర్లించాడు.

"ఒద్దంతంది కదా" అన్నాడు నాతో, కొంచెం గర్వంగా. కూతురి మాటకి మర్యాద ఇస్తున్నానని ఆయన అనుకున్నాడు.

పాప అర వైపు చేతులు చాపి, "ఒద్దు, ఒద్దు" అంటోంది. కళ్ళనిండా నీళ్ళు. నేను గ్లాసు తీసి నింపి ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది. ఊపిరి తీసుకోవడానికి ఆగి, "ఒద్దు" అంటూ ఖాళీ గ్లాసు నా ముందు పెట్టింది. మళ్ళీ నింపాను.

అప్పుడు తెలిసింది నాకు. దానికి వచ్చింది ఒక్కటే మాట. కావాలన్నా అదే వేస్తుంది, అక్కర్లేదన్నా అదే వేస్తుంది. ఇన్నాళ్ళూ మాట లేకపోతే ఎదుటివాళ్ళు ఏం కావాలమ్మా అని వంగి అడిగేవాళ్ళు, దాని కళ్ళలోకి చూసేవాళ్ళు. ఇక ఎవరూ చూడరు. మాట వచ్చింది కదా, విని గ్లాసు తీసేస్తారు. కన్నతండ్రే తీసేశాడు. వచ్చే సంవత్సరం బడిలో, ఆ క్లాసు నిండా పిల్లల మధ్య, దాహంతో అది నోరు తెరిచి అడిగిన ప్రతిసారీ నీళ్ళు వెనక్కి పోతాయి.